కప్పు గెలిచిన రాత్రి

(మన హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్లు నాకు మొదట ఇచ్చిన విషయం 'మన బడి జ్ఞాపకాలు'. జ్ఞాపకాలు నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లో పాతిక మందైనా ఉంటారు. అందుకని నేనే అడిగి విషయం మార్పించుకున్నాను. దానికి కారణం ఉంది. ఈ స్వర్ణోత్సవాల గుర్తుగా, వచ్చే ఏడాది నుంచి మన మూడు ఊళ్ల కాలేజీ పిల్లలకు కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెట్టాలని మన సంఘం అనుకుంటోంది. చాలా మంచి ఆలోచన. డబ్బు వేసుకుంటామన్న వాళ్లలో నేనూ ఒకణ్ణి. అయితే కప్పు ఎంత పెద్దది, నగదు ఎంత, ఫ్లెక్సీలో ఎవరి ఫోటో పైన, ఎవరిది కింద అనే మాటలు రావడానికి ముందే ఇంకొక మాట మాట్లాడుకోవాలి. కప్పు గెలిచిన రాత్రి ఆ పిల్లలు ఎక్కడుంటారు, వాళ్ల చేతిలో ఏముంటుంది అన్నది.

నేను డాక్టరును కాను, మీకందరికీ తెలుసు. మెషీన్లతో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. గాంధీ జయంతి ఉపన్యాసం ఇవ్వడానికి కూడా రాలేదు. ఈ హాల్లో సాయంత్రం పూట ఒక పెగ్గు పుచ్చుకునే పెద్దమనుషులు లేకపోలేదు, వాళ్ల జోలికి నేను పోను. నేను మాట్లాడేది పదహారు నుంచి ఇరవై ఏళ్ల పిల్లల గురించి, అందులోనూ ఆటలాడే పిల్లల గురించి. ఆటలాడేవాడికి చెడు అలవాట్లు ఉండవని మనకొక నమ్మకం ఉంది. గ్రౌండుకు పోతున్నాడంటే చాలు, తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. నేను చూసినంతలో ఆ నమ్మకం సగమే నిజం.

మా బంధువుల్లో ఒక పిల్లోడున్నాడు. ముద్దనూరు దగ్గర పల్లె. పేరు చెప్పను, వాడిప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఇంటర్లో ఉన్నప్పుడే కబడ్డీలో మంచి రైడరు. కాలు చాపితే అవతలివాడికి అందేది కాదు. డిగ్రీ మొదటి సంవత్సరంలో వాళ్ల జట్టు ఒక టోర్నమెంటులో సెమీఫైనల్ గెలిచింది. మర్నాడు పొద్దున్నే ఫైనలు. ఆ ఫైనల్లో వాడి మోకాలు తిరిగిపోయింది. లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషను, ఆరు నెలల మంచం, ఆ తర్వాత వ్యాయామాలు. రైల్వే ట్రయల్స్‌కు పోవాలని పెట్టుకున్న ఆశ అక్కడితో పోయింది. నేను చూడబోయినప్పుడు వాళ్లమ్మ బయటికి పోయిన సందు చూసి తనే చెప్పాడు, ముందురాత్రి తాగినామని.

"ఎవరు ఇప్పించినార్రా?" అన్నాను.

"అన్నోళ్లు మామా. సెమీస్ గెలిచినామని లాడ్జికి పిలిపిచ్చినారు. బిర్యానీ, బాటిళ్లు అన్నీ ముందే తెచ్చిపెట్టినారు."

"నువ్వు వద్దనలేకపోయినావా?"

"కెప్టెన్ తాగినాడు, అందరూ తాగినారు. నేనొక్కణ్ణి తాగకుంటే టీములో లేనట్టే గదా మామా."

ఆ మోకాలు తెగింది మందు వల్లనే అని నేను గట్టిగా చెప్పను. తాగనివాడి మోకాళ్లు కూడా తెగుతాయి. కానీ ఆ మాటల్లో నన్ను పట్టుకున్నది వేరే. ఆ పిల్లోడు బ్రాందీ షాపుకు పోలేదు, డబ్బు పెట్టలేదు, అడగలేదు. వాడి మొదటి గ్లాసు వాడికి బహుమానంగా వచ్చింది. ఇచ్చినవాళ్లు వాడికి చెడు చేయాలనుకున్నవాళ్లు కాదు, వాడి ఆట చూసి మురిసిపోయినవాళ్లు.

ఆ తర్వాత ఎక్కడికి పోయినా ఈ సంగతే అడగడం మొదలుపెట్టాను. ఫిజికల్ డైరెక్టర్లను, పాత ఆటగాళ్లను, పిల్లలను. నేను లెక్కలు తీయలేదు, సర్వే చేయలేదు. విన్నది మాత్రం ఒకే రకంగా ఉంది. జట్టులోకి కొత్తగా వచ్చినవాడికి సీనియర్లు పోయడం ఒకటి. గెలిస్తే స్పాన్సరు పార్టీ ఇవ్వడం రెండు. ఓడితే బాధ మరిచిపోవడానికని ఇంకొకటి. డ్రా అయితే ఏం చేస్తారని నేను అడగలేదు. పండగ టోర్నమెంట్లు, ఏదో ఒక నాయకుడి పుట్టినరోజు కప్పులు, ఎన్నికల ముందు బైకు ర్యాలీలు, వీటన్నిటిలోనూ ముందు నిలబెట్టేది ఆటలాడే కుర్రవాళ్లనే. కండ ఉంటుంది, పదిమందీ కలిసి ఉంటారు, అన్నా అంటే వచ్చేస్తారు. సాయంత్రం వాళ్లకు ముట్టేది కూడా ఒకటే. లాడ్జి దొరకకపోతే గండికోట, మైలవరం డ్యాము ఉండనే ఉన్నాయి. గండికోట లోయ అంచున బీరు సీసాల గాజు పెంకులు చూడనివాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? ఆ అంచుకు గోడ లేదు, కింద పెన్న. తాగిన పిల్లలు అక్కడ సెల్ఫీలు దిగుతారు.

ఇది మన మూడు ఊళ్ల జబ్బే అనుకోకండి. 2024 జనవరిలో చండీగఢ్ విమానాశ్రయంలో సౌరాష్ట్ర అండర్-23 క్రికెట్ జట్టు ఆటగాళ్ల కిట్లలో 27 మద్యం సీసాలు, రెండు కేసుల బీరు దొరికాయి. వాళ్లు అప్పుడే చండీగఢ్ మీద గెలిచి ఇంటికి బయల్దేరారు. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది కాబట్టి ఇక్కడి నుంచే మోసుకుపోతున్నారన్నమాట. ఆ టోర్నమెంటు పేరు సి.కె. నాయుడు ట్రోఫీ. మన తెలుగు మూలాలున్న మనిషి, భారత జట్టుకు తొలి టెస్టు కెప్టెన్. బ్యాట్లు, ప్యాడ్లు ఉండాల్సిన సంచిలో సీసాలు.

మరుసటి నెల, 2024 ఫిబ్రవరిలో, హైదరాబాదులో ఇంకొకటి జరిగింది. మహిళల క్రికెట్ జట్టు ప్రయాణిస్తున్న బస్సులో కోచ్ మద్యం తాగుతున్నట్టు చెప్పిన వీడియోలు బయటికి వచ్చాయి. హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ ఆయన్ని సస్పెండ్ చేసింది. ఆ వ్యవహారంలో ఎవరిది ఎంత తప్పని తేల్చడం నా పని కాదు. నేను గమనించింది ఒక్కటే. మొదటి వార్తలో కుర్రవాళ్లున్నారు. రెండో వార్తలో కుర్రవాళ్లను చూసుకోవలసిన పెద్దమనిషి ఉన్నాడు. మనం మొదటి వార్త చదివి పిల్లలను తిడతాం. రెండో వార్త మన గురించి.

అమెరికా నుంచి వచ్చిన మన తమ్ముళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ 1984లో చట్టం తెచ్చి, 21 ఏళ్ల లోపువాళ్లకు మద్యం అమ్మనిచ్చే రాష్ట్రాలకు రహదారుల నిధుల్లో కోత పెడతామన్నారు. రాష్ట్రాలన్నీ దారికొచ్చాయి. అయినా అక్కడి కాలేజీల్లో మామూలు విద్యార్థులకంటే ఆటగాళ్లే ఒక్కసారి కూర్చుంటే ఎక్కువ తాగుతున్నారని హార్వర్డ్ వాళ్లు చేసిన కాలేజీ ఆల్కహాల్ స్టడీలో తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. జట్టు అంటేనే ఒకరు చేసింది అందరూ చేయడం. మైదానంలో మనం మెచ్చుకునే గుణమే ఆ రాత్రి పిల్లోణ్ణి లాక్కుపోతుంది.

ఇప్పుడు నాకు తెలిసిన పనికి వస్తాను, లెక్కకు. క్వార్టర్ సీసా మీద 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం అని రాసి ఉంటుంది. అంటే అందులో అసలు ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ నీళ్లకంటే తేలిక, మిల్లీలీటరుకు 0.79 గ్రాములు తూగుతుంది. దాదాపు 61 గ్రాములు. అరవై కిలోల కుర్రవాడు ఆ సీసా ఖాళీ చేస్తే, అతని 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇంచుమించు 150 మిల్లీగ్రాముల ఆల్కహాల్ చేరుతుంది. రోడ్డు మీద పోలీసులు గొట్టంలో ఊదమని పట్టుకునే హద్దు 30 మిల్లీగ్రాములు. ఇది దానికి ఐదు రెట్లు.

ఇది ఎలా దిగుతుంది? కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున దించుతుంది. అంతే. దానికి ఓవర్ టైము లేదు. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా, కాఫీ పట్టించినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం మారదు. మన పిల్లలకు ఒక గట్టి నమ్మకం ఉంది, గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొడితే చెమటలో పోతుందని. చెమట, ఊపిరి, మూత్రం అన్నీ కలిపినా పోయేది నూటికి పది పాళ్లు కూడా ఉండదు. మిగతాదంతా కాలేయమే తన నింపాది లెక్కలో చేయాలి.

కాబట్టి రాత్రి పదింటికి క్వార్టర్ ముగించిన కుర్రవాడికి ఎనిమిది గంటల్లో 120 దిగుతాయి. పొద్దున ఆరింటికి ఇంకా 30 మిగిలి ఉంటాయి. వాడికి మత్తుగా అనిపించదు, మొహం కడుక్కున్నాడు, పళ్లు తోముకున్నాడు. కానీ బైకెక్కి గ్రౌండుకు వస్తున్నప్పుడు పోలీసు హద్దు మీదనే ఉన్నాడు. సన్నగా, యాభై కిలోలు ఉండేవాడైతే ఆ హద్దు దాటే ఉన్నాడు. వాడు వచ్చి కూతకు పోతాడు, బరువులెత్తుతాడు, బంతికి ఎగురుతాడు. నేను పనిచేసిన చోట షిఫ్టుకు వచ్చేవాణ్ణి ఊదించి, ఇందులో సగం కనిపించినా గేటు దగ్గరనుంచే ఇంటికి పంపేవాళ్లం. తిరిగే యంత్రం దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదు. కబడ్డీ కోర్టులో ఏడుగురు మీద పడేటప్పుడు పిల్లోడి వెన్నెముకకు ఆ పాటి కాపలా కూడా లేదు.

బీరు మందు కాదు, ఒంటికి చలువ అనేవాళ్లు ఎక్కువ మంది ఉన్నారు కాబట్టి అది కూడా లెక్క వేద్దాం. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 8 శాతం. 41 గ్రాములు. అలాంటివి రెండు తాగితే 82. అంటే ఒక క్వార్టరూ, దాని మీద ఇంకో మూడో వంతూ. చలువ సంగతి కూడా తలకిందులే. శరీరంలో నీళ్లు నిలిపి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోను ఒకటుంది. ఆల్కహాల్ దాని నోరు మూయిస్తుంది. తాగినదానికంటే ఎక్కువ నీళ్లు బయటికి పోతాయి. నలభై రెండు డిగ్రీల కడప ఎండలో మర్నాడు మ్యాచి ఆడేవాడికి ఇది ఎలా ఉంటుందో నేను వర్ణించనక్కర్లేదు, మీరందరూ ఇక్కడ ఎండలు తిన్నవాళ్లే.

ఇంకొకటి చెప్పి ఈ లెక్కలు ఆపుతాను. మెల్‌బోర్న్‌లోని ఆర్ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఎనిమిది మంది దృఢమైన యువకుల చేత బరువులెత్తించి, సైకిల్ తొక్కించి, తర్వాత మద్యం ఇచ్చి, తొడ కండరంలో కొత్త మాంసకృత్తులు ఎంత వేగంగా తయారవుతున్నాయో కొలిచారు. మద్యంతో పాటు మంచి ప్రోటీను ఇచ్చినా ఆ వేగం 24 శాతం తగ్గింది. ప్రోటీను ఇవ్వకుండా పిండిపదార్థం మాత్రమే ఇస్తే 37 శాతం తగ్గింది. వాళ్లు ఇచ్చిన మోతాదు మన అరవై కిలోల పిల్లోడి లెక్కలో క్వార్టరున్నర. అది మన పార్టీల్లో పెద్ద మోతాదేమీ కాదు. పిల్లోడికి గుడ్లు, పాలు, రాగి సంగటి, వేరుశనగ ముద్దలు పెట్టి, తెల్లవారుజామున లేపి పంపించే తల్లి కష్టంలో ఎంత భాగం ఆ రాత్రి పోతుందో ఆ అంకెల్లో ఉంది. మన దగ్గర బండలాగుడు పోటీలకు ఎద్దులను సాకే రైతును అడగండి. పందెం ముందు రోజు ఎద్దుకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎంతసేపు పడుకోనివ్వాలి అన్నీ నోటికి చెబుతాడు. పిల్లల విషయంలో మనకు ఆ పాటి శ్రద్ధ లేకపోవడం నాకు విచిత్రంగా ఉంటుంది.

నిద్ర సంగతి కూడా ఉంది. తాగి పడుకుంటే గాఢంగా పట్టినట్టే ఉంటుంది, రెండో జాము నుంచి ముక్కలు ముక్కలైపోతుంది. నొప్పి మాత్రల సంగతి ఇంకా ముఖ్యం. ఆటగాళ్ల కిట్టులో డైక్లోఫెనాక్, పారాసిటమాల్ లేకుండా ఉండవు. తాగిన కడుపులో డైక్లోఫెనాక్ వేసుకుంటే జీర్ణకోశంలో రక్తస్రావానికి దారి తీయవచ్చు. రోజూ తాగేవాడు పారాసిటమాల్ ఎక్కువగా మింగితే కాలేయం దెబ్బతింటుంది. ఎనర్జీ డ్రింకులో కలుపుకుంటే మత్తు తెలియదు, అంతే, మందు ఉన్నంతా ఉంటుంది.

ఇక మోకాలి కంటే, మ్యాచి కంటే పెద్దది ఒకటి. అమెరికాలో 1990లలో చేసిన ఒక పెద్ద సర్వేలో, 15 ఏళ్ల లోపు తాగుడు మొదలుపెట్టిన వాళ్లలో నూటికి 40 మంది జీవితంలో ఏదో ఒక దశలో దానికి బానిసలయ్యారు. ఇరవై దాటాక మొదలుపెట్టిన వాళ్లలో ఆ సంఖ్య పది. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతూనే ఉంటుందని వైద్యులు చెబుతారు. ముందుచూపు, నిగ్రహం చూసుకునే భాగం అన్నిటికంటే ఆలస్యంగా ముదురుతుంది. అందుకే ఎప్పుడు మొదలయింది అన్న ప్రశ్న అంత ముఖ్యం. నాలుగేళ్లు వాయిదా వేయించగలిగితే చాలు, చాలామంది గట్టెక్కుతారు.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. అంటే ఇంటర్, డిగ్రీ చదివే మన ఆటగాళ్లు దాదాపు అందరూ ఆ గీతకు ఇవతలే ఉన్నారు. ఇక 18 నిండని పిల్లోడికి మత్తు పానీయం ఇచ్చినవాడికి, ఇచ్చినా చాలు, అమ్మనక్కర్లేదు, 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షను కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇంటర్ టీముకు ప్రేమగా పార్టీ ఇచ్చే అన్నకు ఈ సెక్షను తెలియదు. తాగి బండి నడిపితే మొదటిసారికే పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా కట్టేస్తే అయిపోతుందనుకుంటారు. పోలీసు ఉద్యోగానికో, రైల్వేకో పోయినప్పుడు వెరిఫికేషన్ ఫారంలో కేసులేమైనా ఉన్నాయా అనే గడి ఉంటుంది. స్పోర్ట్స్ కోటా మీద ఆశలు పెట్టుకున్నవాడికి ఆ గడి దగ్గర చెయ్యి వణుకుతుంది.

మా రోజుల్లో ఏమీ లేదు, ఇప్పుడే పాడైపోయారు అనే మాట ఇక్కడ ఎవరైనా అంటారేమోనని నేను ముందే చెబుతున్నాను. మేం బడిలో ఉన్న రోజుల్లో, 1980లలో, ప్రభుత్వమే సారాను పాకెట్లలో పోసి అమ్మించింది. పొద్దున ప్రార్థనకు ముందు గ్రౌండు శుభ్రం చేసేటప్పుడు ఖాళీ పాకెట్లు ఏరేవాళ్లం. గుర్తుందా? తర్వాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయే ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. అది రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం పోయింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వం వచ్చినా అంగళ్లు సర్కారువి కావడం, ప్రైవేటువి కావడం తప్ప పెద్ద మార్పు లేదు, ఎవరి పార్టీ వాళ్లు దీని మీద ఎంతసేపైనా మాట్లాడగలరు. టీవీలో మద్యం ప్రకటనలు నిషేధమే, కానీ ఐపీఎల్‌లో ఒక జట్టు విస్కీ పేరు పెట్టుకునే పుట్టింది, 2025లో కప్పు కూడా గెలిచింది. ఇవేవీ మన చేతిలో లేవు. మన టోర్నమెంటు మన చేతిలో ఉంది. నేను అడుగుతున్నది అంతవరకే.

ఇప్పటికే అలవాటు పడ్డ పిల్లల మాట కూడా చెప్పాలి. పట్టుబడ్డవాణ్ణి జట్టులోంచి తీసి పారేయమని కొందరు పీడీలు అంటారు. నాకు అది సరిగ్గా అనిపించదు. జట్టు పోతే వాడికి మిగిలేది ఆ సీసా ఇచ్చిన స్నేహమే. రికీ పాంటింగ్ పేరు మన పిల్లలకు తెలుసు, 2003 ఫైనల్లో మనమీద 140 కొట్టి ఇళ్లన్నీ మూగబోయేలా చేశాడు కాబట్టి పెద్దలకు ఇంకా బాగా తెలుసు. 1999 జనవరిలో, 24 ఏళ్ల వయసులో, సిడ్నీలో ఒక బారు దగ్గర తాగి గొడవలో దెబ్బలు తిన్నాడు. నల్లబడిన కంటితోనే పత్రికల ముందు కూర్చుని, నాకు తాగుడుతో ఇబ్బంది ఉందని చెప్పాడు. బోర్డు మూడు వన్డేలు ఆడనివ్వలేదు. అతన్ని వదిలేయనూ లేదు. ఆ తర్వాత అతను కెప్టెనై రెండు ప్రపంచకప్పులు గెలిచాడు. శిక్ష ఉంది, దారి కూడా ఉంది. మన కాలేజీల్లో పిల్లోడు వచ్చి సార్, నాకు ఇలా ఉంది అని చెప్పుకోగల మనిషి ఒకరైనా ఉండాలి. చెప్పుకోవడానికి సిగ్గయితే ఫోను ఉంది. మత్తు అలవాటు మాన్పించడానికి కేంద్రం పెట్టిన ఉచిత నంబరు 14446. మనసు బాగలేనప్పుడు మాట్లాడడానికి టెలీ మానస్, 14416. పీడీలు ఈ రెండు నంబర్లూ స్పోర్ట్స్ రూము తలుపు మీద రాయించండి, కప్పుల బీరువా పక్కన.

ఇంకొక చిన్న విషయం, ఆడపిల్లల తల్లిదండ్రులు ఇక్కడున్నారు కాబట్టి. 2025 నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచకప్పు గెలిచిన భారత మహిళల జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ తర్వాత తమ కూతుళ్లను గ్రౌండుకు పంపాలని చూసే తండ్రులు కొందరు నాకు తెలుసు. వాళ్లు మొదట అడిగే ప్రశ్న పిచ్ గురించి కాదు, జట్టుతో పాటు ఊరు దాటినప్పుడు బస్సులో ఎవరుంటారు, ఎలా ఉంటారు అని. మగపిల్లల టోర్నమెంటు సంస్కృతి బాగుపడకపోతే ఆడపిల్లల ఆట ఇంటి గడప దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు మన పోటీలు. కమిటీకి నేను రాసి ఇచ్చిన కాగితంలో ఉన్నవే చదువుతున్నాను. మన పేరు మీద, మన బ్యానరు కింద, మన డబ్బుతో జరిగే దేనిలోనూ పిల్లలకు మద్యం ఉండదు, ముగిసిన తర్వాత రాత్రి కూడా. స్పాన్సరుగా ఎవరు వచ్చినా ఈ షరతు మీద సంతకం పెట్టాలి. పిల్లలతో పాటు వచ్చే పెద్దలకు, మనకు కూడా, పోటీలు జరిగే మూడు రోజులూ ఇది వర్తిస్తుంది. ఇక్కడ కొంచెం గుసగుస వినిపిస్తోంది. మూడు రోజులే కదా అన్నా, ఓర్చుకుందాం.

ఫైనలు సాయంత్రం నాలుగింటికి పెడదాం, రాత్రి దీపాల కింద వద్దు. బహుమతులు అక్కడికక్కడే ఇచ్చేసి, ఏడింటికల్లా అందరికీ మన బడి ఆవరణలోనే భోజనం. ఓడినవాళ్లకు కూడా, ఒకే పంక్తిలో. ఎవరో బిర్యానీ అన్నారు, సంతోషం, ఖర్చు నేను పెడతాను. భోజనమయ్యాక పిల్లలను విడిగా బైకుల మీద పోనివ్వకూడదు. జమ్మలమడుగు జట్టుకు ఒక బస్సు, ముద్దనూరు మీదుగా పులివెందుల జట్టుకు ఒక బస్సు, ప్రతి బస్సులో వాళ్ల పీడీతో పాటు మన పూర్వ విద్యార్థి ఒకరు. కాలేజీ గేటు దగ్గర దించి కమిటీకి ఫోను చేయాలి. బస్సుల్లో తిరగడానికి మొదటి పేరు నాది రాసుకోండి, పులివెందుల వైపు. నగదు బహుమతి కెప్టెన్ చేతికి ఇవ్వడం మానేసి బ్యాంకు ద్వారా జట్టులో ఒక్కొక్కరి ఖాతాలో వేద్దాం. ఆ రాత్రే ఖర్చయిపోయే డబ్బు అది, నాలుగు రోజులు ఆలస్యమైతే బూట్లకు పోతుంది.

ఎంత జాగ్రత్తపడినా ఎక్కడో ఒకడు తాగి పడిపోవచ్చు. అప్పుడు వాడి స్నేహితులు భయపడి గదిలో పెట్టి తాళం వేస్తారు, ఇంట్లో తెలుస్తుందని. అది ప్రాణం మీదికి వస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టకూడదు, వాంతి గొంతులో అడ్డం పడుతుంది. ఒక పక్కకు తిప్పి, పక్కనే మనిషి ఉండి, పిలిస్తే పలకకపోతే 108కి చేయాలి. పోటీల మొదటి రోజు పొద్దున, జట్లన్నీ వరసలో నిలబడ్డప్పుడు, అతిథుల ప్రసంగాల కంటే ముందు ఇది చెప్పాలి. ఫోను చేసినవాడి మీద ఏ చర్యా ఉండదని కూడా అప్పుడే చెప్పాలి.

డ్రిల్లు మాస్టారూ, ఈ పోటీలకు పర్యవేక్షకులుగా ఉండమని కమిటీ మిమ్మల్ని అడగబోతోంది. మీరు ఒప్పుకుంటారనే నమ్మకంతోనే ఆ కాగితం మీద పైన మీ పేరు రాశాను. సంతకం పెట్టే చోటు ఖాళీగా ఉంది. భోజనాలకు లేవక ముందే ఆ కాగితం ఒకసారి అందరి చేతుల మీదుగా తిరగనివ్వాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను.